బానెట్ మీద గీతలు

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వకు. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నిన్న ఫోన్‌లో నువ్వు గడగడా చెప్పిందంతా ఈ చెవిన విన్నాను, ఆ చెవిన వదిలేశాను. కాగితం మీద రాసి పంపు, షెడ్డు గోడకు అంటించుకుంటాను. తడిచేతులతో పనిచేసేదానికి గోడ మీది కాగితమే నయం.

సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్తాను, నువ్వు కూడా నిన్న సగమే విన్నట్టున్నావు. నీ మేనకోడలికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది కదా. ఆగస్టు ఒకటిన చేరాలి. వాళ్ల నాన్న కారు తీసుకెళ్తానంటోంది. మీ బావ పోయి మూడేళ్లయింది, కారు షెడ్డులోంచి కదిలి కూడా మూడేళ్లే. మెకానిక్ వచ్చి చూశాడు, ఇంజను గట్టిదే అన్నాడు. గొడవంతా రంగుతో వచ్చింది. పక్కనే వెల్డింగు షాపు పెట్టారని చెప్పాను కదా, ఆ నిప్పురవ్వల పొడి షెడ్డు రేకుల సందుల్లోంచి వచ్చి కారంతా పట్టేసింది. కడిగినా పోదు. చెయ్యి పెడితే ఉప్పుకాగితం రుద్దినట్టు ఉంది.

పిల్ల చెయ్యి పెట్టి చూసి మొహం చిట్లించింది. "అమ్మా, దీన్ని ఇలా తీసుకెళ్తే నన్ను చూసి నవ్వుతారు. మొత్తం గీకించేసి తెల్లరంగు కొట్టిద్దాం" అంది. కారుకున్న ఆ ఆకుపచ్చ మీ బావ సొంతంగా కలిపింది. డబ్బా మూతల మీద పదకొండు సార్లు కలిపి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, పన్నెండోసారికి "ఇదీ" అన్నారు. నువ్వూ ఉన్నావు అప్పుడు. దానికి నంబరు లేదు, కాగితం లేదు. గీకేస్తే ఇక ఆ రంగు భూమ్మీద లేనట్టే.

పిల్లతో బేరం పెట్టుకున్నాను. జులై ఆఖరికల్లా చేతికి నున్నగా తగిలితే ఆకుపచ్చ ఉంటుంది, లేకపోతే తెలుపు. దుకాణంలో క్లే అని నీలం ముద్ద ఒకటి ఇచ్చారు, పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టిలా ఉంది. రుద్దితే పోతుందట. ఎలా రుద్దాలో ఆ దుకాణం ఆయనకీ తెలీదు.

నాకు భయంగా ఉందిరా. ఇరవై రెండేళ్లుగా ఆ కారు మీద చెయ్యి వేయనిదాన్ని. నీకు తెలిసిన కథే. త్వరగా రాయి.

మీ అక్క


కార్ల యార్డు, మెట్ల కింద గది
జూన్ 9

అక్కా,

గోడకు అంటిస్తానన్నావు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కుంటావని కూడా తెలుసు.

మొదట కారు బాగా కడుగు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. స్పాంజి ఉత్త నీళ్లలో జాడించాకే మళ్లీ సబ్బులో ముంచు. ఎండలో వద్దు. కారు రేకు మీద మణికట్టు ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద క్లే అతుక్కుపోతుంది.

ముద్ద మొత్తం ఒకేసారి వాడకు. నాలుగు ముక్కలు చెయ్యి, మూడు డబ్బాలో దాచు. ఒక ముక్క అరచేతిలో పిసికి మెత్తబడ్డాక బిస్కెట్ అంత బిళ్ల చెయ్యి. రెండు జానల చోటు మాత్రమే ఎంచుకో. దానితో పాటు సీసా ఇచ్చి ఉంటారు, అది ధారాళంగా చల్లు. అయిపోతే నీళ్లలో రెండు చుక్కలు కారు షాంపూ కలిపి చల్లుకో. పిసినారితనం ఇక్కడ పనికిరాదు, రేకు మీద నీళ్లు కారుతూ ఉండాలి. అప్పుడు బిళ్లను వేళ్ల బరువు కూడా వేయకుండా ముందుకీ వెనక్కీ జరుపు. గుండ్రంగా తిప్పకు. మొదట బరబరమంటుంది, చేతికి అడ్డం తగులుతుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోయి జారుతుంది. అంతే, ఆ చోటు అయిపోయింది. మెత్తటి గుడ్డతో తుడిచి పక్కకు జరుగు.

మధ్యమధ్యలో బిళ్లను తిరగేసి చూడు. మురికి కనపడితే లోపలికి మడిచి కొత్త మొహం పైకి తియ్యి. నల్లబడిపోతే పక్కన పడెయ్.

ఇది ఎర్ర సిరాతో రాస్తున్నాను. క్లే కింద పడితే పారెయ్. కడగొద్దు, గిల్లొద్దు, "చిన్న ఇసుకేగా" అనొద్దు. కంటికి కనపడని రేణువు ఒక్కటుంటే చాలు, అది క్లే కాదు, ఆకురాయి.

అయిపోయిందో లేదో కళ్లతో చూస్తే తెలీదు. పల్చటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి రంగు మీద నిమురు. ఒట్టి చేతికి తెలియనిది సంచిలో చేతికి తెలుస్తుంది. ఇది నేను చెప్పక్కర్లేదు, బావ వెయ్యిసార్లు చేయడం చూశావు. చివర్లో మైనం పట్టించు. క్లే రుద్దిన రంగు ఒంటి మీద బట్ట లేనట్టు ఉంటుంది, కప్పాలి.

బానెట్ అన్నిటికన్నా ఆఖర్న చెయ్యి, చెయ్యి కుదిరాక. దాని మీద క్లే, మైనం తప్ప ఇంకేదీ వద్దు. పాలిష్ మిషన్ అసలే వద్దు.

ఇక్కడ అన్నీ మిషన్లే. రోజుకు ఆరు కార్లు నా ముందు నుంచి పోతాయి, ఒక్కదాని రంగూ గుర్తుండదు. ఆ పన్నెండో మూత మాత్రం గుర్తుంది.

నీ తొందరబాబు


షెడ్డు, బోర్లించిన బకెట్ మీద కూర్చుని
జూన్ 21

తొందరబాబూ,

ఆ పేరు చూసి ఎన్నాళ్లయిందిరా! మీ బావ పెట్టిన పేరు నీకు అతికినట్టు ఇంకెవరికీ అతకదు. రంగు ఆరకముందే ముట్టుకునేవాడివి, టీ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకునేవాడివి.

డిక్కీ మూత అయింది, వెనక తలుపులు రెండూ అయ్యాయి. మొదటి రోజు రెండు జానల చోటుకు గంట పట్టింది. బరబరమన్నది నిజంగానే ఆగిపోయిందిరా. ఆ క్షణాన చెయ్యి జారితే ఒళ్లు ఝల్లుమంది. బిళ్ల తిరగేసి చూస్తే తుప్పు రంగు చుక్కలు, మూడేళ్ల నిప్పురవ్వలన్నీ అందులో. ఒక ముక్క చేతిలోంచి జారి కింద పడింది. నీ ఎర్ర సిరా గుర్తొచ్చి అటునుంచి అటే చెత్తబుట్టలో వేశాను. ప్రాణం ఉసూరుమంది, కానీ వేశాను.

సంచి తొడుక్కుని తలుపు మీద నిమిరితే మీ బావ కళ్ల ముందు నిలబడ్డారు. మన రంగుల షాపుకు కస్టమర్ కారు రాగానే కూరలు తెచ్చిన సంచి నా చేతిలోంచి లాక్కుని, ఉల్లిపాయలు బల్ల మీద కుమ్మరించి, అందులో చెయ్యి దూర్చేవారు. కళ్లు మూసుకుని కారంతా నిమిరేవారు, డాక్టరు రోగిని చూసినట్టు. "రంగును చేత్తో చూడాలి" అనేవారు. నేను ఉల్లిపాయలు ఏరుకుంటూ "సంసారాన్ని కూడా కాస్త చేత్తో చూడండి" అనేదాన్ని. నువ్వు టైర్ల వెనక దాక్కుని నవ్వేవాడివి. షాపంతా థిన్నరు వాసన, మూల రేడియో, ముగ్గురం ఒకే బల్ల మీద తిండి. ఆ రెండు గదుల్లో ఎంత ఇరుగ్గా ఉన్నామో అంత సుఖంగా ఉన్నాం. ఇప్పుడు ఇల్లంతా ఖాళీ, చెంచా కింద పడితే పక్కింటికి వినిపిస్తుంది.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. మీ బావ నాకు డ్రైవింగ్ నేర్పుతున్న రోజులు. నాలుగు పాఠాలయ్యాయి, రెండో గేరు దాకా వచ్చాను. పిల్ల వెనక సీట్లో కూర్చుని "అమ్మ డైవరు" అని చప్పట్లు కొట్టేది. రంగు డబ్బాల కోసం మీ బావ ఊరెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. షాపు ముందు మన కారు, బోర్డు కన్నా అదే పెద్ద బోర్డు కదా మనకి. దాని బానెట్ నిండా గీతలు, మసక. నేను లోపలి గదిలోంచి బయటికి రాగానే నా మీద విరుచుకుపడ్డారు. "ఎన్నిసార్లు చెప్పాను పొడిగుడ్డతో తుడవొద్దని! నెల రోజుల కష్టం! ఇక బండి జోలికి రాకు!" ఇద్దరు కస్టమర్లు ఉన్నారు, ఎదురు కొట్టాయన కూడా తొంగిచూశాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన గొంతెత్తింది ఆ ఒక్కసారే.

నేను అప్పుడప్పుడూ పొడిగుడ్డతో దుమ్ము దులిపేమాట నిజమే. ఆ రోజు దులిపానో లేదో నాకే గుర్తు లేదు. అంత గట్టిగా అంటే దులిపే ఉంటాననుకున్నాను. నువ్వు మిషను పట్టుకుని తల దించుకుని నిలబడ్డావు, అక్కకు జరిగిన అవమానం చూడలేక. వారం పోయాక ఆయనే "రా, గేర్లు మర్చిపోతావు" అన్నారు. నేనే వెళ్లలేదు. "నా చేతులు మంచివి కావులెండి" అన్నాను. అప్పటి నుంచి వెనక సీటే నాది.

ఇప్పుడు అదే కారును ఈ చేతులతోనే నిమురుతుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. అది సరే, బానెట్‌కి మాత్రం అన్ని ఆంక్షలు ఎందుకురా?

మీ అక్క


కార్ల యార్డు
జూన్ 30

అక్కా,

ఉత్తరం అందింది. తలుపులు బాగా వచ్చినందుకు సంతోషం. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

ముందు తలుపుల కింది భాగం చివర్న చెయ్యి, మట్టి ఎక్కువ ఉండేది అక్కడే. పైభాగానికి వాడిన బిళ్ల కిందికి వాడొచ్చు, కిందిది పైకి వాడకూడదు. అద్దాలకు కూడా క్లే పెట్టొచ్చు, ఏమీ కాదు.

రేడియో అన్నావు, దానికి బావ రాగి తీగతో ఏంటెనా కట్టాడు, గుర్తుందా? వర్షం పడితే అందులో వార్తలు చదివేవాడికి జలుబు చేసినట్టుండేది.

బానెట్ సంగతి ఏమీ లేదు. పాత రంగు, ఎండ ఎక్కువ తగిలే చోటు. అందుకే జాగ్రత్త అన్నాను. డ్రైవింగ్ విషయం ఇప్పుడెందుకు తవ్వుకుంటావు. ఆరోగ్యం చూసుకో.

తమ్ముడు


ఇల్లు, ముందు గది
జులై 14

ఒరేయ్,

శుభవార్త ముందు చెప్తాను. పిల్ల నిన్న సంచి తొడుక్కుని పైకప్పు నుంచి డిక్కీ దాకా నిమిరింది. మళ్లీ నిమిరింది. "అమ్మా, ఇది మన కారేనా?" అంది. "నీ పుట్టుక కన్నా రెండేళ్లు పెద్దది, అక్క అని పిలువు" అన్నాను. తెలుపు గోల సగం చచ్చింది.

సగమే. ఎందుకంటే నేను బానెట్ దగ్గర తప్పు చేశాను. మొన్న సాయంత్రం సగంలో ఉండగా చల్లే సీసా అయిపోయింది. షాంపూనీళ్లు కలుపుకొద్దాం అనుకున్నాను, అంతలోనే "ఇంకొక్క జానే కదా" అనిపించింది. నీ తొందర నాకూ అంటుకున్నట్టుంది. నీళ్లు చాలక క్లే పట్టేసింది, లాగాను, మళ్లీ రుద్దాను. పొద్దున వెలుతురులో చూస్తే డ్రైవరు వైపు సన్నటి గీతలు, తలవెంట్రుకలు పరిచినట్టు. ఎదురుగా చూస్తే కనపడవు. పక్కకు వంగితే కనపడతాయి.

పిల్ల వంగి చూసింది. "దీనికేముంది, మిషన్‌తో పాలిష్ చేయిస్తే అరగంటలో పోతాయి" అని ఒకాయనతో మాట్లాడేసింది. ఆదివారం వస్తాడట. అదీ బాగా వస్తే ఆకుపచ్చే ఉంచుతానంది, లేకపోతే నేరుగా తెల్లరంగు వాళ్ల దగ్గరికేనట. నువ్వు మిషన్ వద్దన్నావని చెప్పాను. "మామయ్య కారణం చెప్పాడా?" అంది. నువ్వు చెప్పలేదు.

నీ రెండో ఉత్తరం మళ్లీ చదివాను. బానెట్ గురించి అడిగితే రేడియో గురించి రాశావు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం. ఏమిట్రా అది?

మీ అక్క


కార్ల యార్డు, మెట్ల కింద గది
జులై 17

అక్కా,

నీ ఉత్తరం చూడగానే ఫోన్ చేశాను. మిషన్ వద్దన్నాను. ఎందుకని మూడుసార్లు అడిగావు. ఫోన్ పెట్టేశాను. ఫోన్‌లో చెప్పలేనిది కాగితం మీద చెప్తున్నాను. ఇది మాత్రం గోడకు అంటించకు.

ఇరవై రెండేళ్ల కిందటి ఆ గీతలు నువ్వు చేసినవి కావు. నేను చేశాను.

క్లే అప్పుడే కొత్తగా వచ్చింది. బావ ఎవరితోనో చెప్పి ఒకే ఒక్క ముద్ద తెప్పించాడు. కత్తిరించి ఇంత ముక్క నాకిచ్చి, "నేనొచ్చేలోపు బానెట్ నున్నగా చేసి ఉంచు, రేపు కస్టమర్లు చూడాలి" అని ఊరెళ్లాడు. పదకొండు గంటలకు ఆ ముక్క నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. పడినవైపు గిల్లి పారేశాను. మిగతాది కడిగాను, కళ్లకు శుభ్రంగానే ఉంది. ఇంకో ముక్క తీసుకోవచ్చు. కానీ బావ లెక్కపెట్టి దాచుకున్న ముద్ద, వచ్చి అడిగితే పారేశానని చెప్పడానికి సిగ్గేసింది. అదే ముక్కతో రుద్దాను. తుడిచి చూసేసరికి బానెట్ ఈ చివర నుంచి ఆ చివరకు గీతలు.

భయమేసింది. మిషన్ తీశాను. గోటితో పోయేది కాదు, అయినా గొడ్డలి కూడా అక్కడ పనికిరాదని అప్పుడు తెలీదు. మూడు గంటలు తిప్పాను. గీతలు సగం పోయాయి, రంగు మీది క్లియర్ కూడా సగం పోయింది. క్లియర్ అంటే తెలుసు కదా, రంగును కాపాడే అద్దంలాంటి పొర. బావ వచ్చేసరికి మిషన్ నా చేతిలోనే ఉంది. "ఏం జరిగింది?" అన్నాడు. నేను, "పొద్దున అక్క పొడిగుడ్డతో దులిపినట్టుంది బావా, ఆ గీతలు తీద్దామని మిషన్ పెట్టాను" అన్నాను.

అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకే తెలీదు. ఆ వారంలోనే బోర్డు మీద తన పేరు పక్కన నా పేరు రాయిస్తానన్నాడు బావ. అది పోతుందని భయపడ్డాను. అక్కను ఒక్క మాట అంటాడు, సాయంత్రానికి మర్చిపోతారు అనుకున్నాను. నువ్వు డ్రైవింగ్ మానేస్తావని అనుకోలేదు. మానేశాక చెబుదామనుకున్నాను. ఒకరోజు, ఒక నెల, తర్వాత చెప్పే మొహం లేక రెండేళ్లకు ఈ ఊరొచ్చేశాను. మంచి జీతం దొరికిందని చెప్పి వచ్చాను, నీకు గుర్తుంటుంది. అదీ అబద్ధమే. నేను తల దించుకున్నది నీ అవమానం చూడలేక అని రాశావు. ఆ వాక్యం చదివి పది రోజులు నిద్రపోలేదు అక్కా.

ఇక అసలు మాట. ఆ బానెట్ మీద క్లియర్ ఉల్లిపొర అంత కూడా లేదు. నీ చేతి గీతలు అందులో పైపైన ఉన్నాయి, ఉన్నచోట ఉండనివ్వు. మిషన్ పెడితే అరగంట కాదు, అర నిమిషం. ఆకుపచ్చ లేచిపోతుంది. ఆ రంగు మళ్లీ కలపడం బావ ఒక్కడికే తెలుసు. పాలిష్ ఆయన్ని తిప్పి పంపెయ్. ఈ ఉత్తరం పిల్లకు చూపించు. నా పరువు చూడకు.

తమ్ముడు


ఇల్లు
జులై 21

తమ్ముడికి,

అందింది. పాలిష్ ఆయన్ని పంపేశాను. ఇప్పుడు ఇంకేమీ రాయలేను. ఫోన్ చేయకు.


కార్ల యార్డు
జులై 24

అక్కా,

చేయను. రమ్మంటే వస్తాను. తిట్టడానికి రమ్మన్నా వస్తాను.

తమ్ముడు


షెడ్డు
జులై 31

తమ్ముడూ,

పది రోజులు నీ మీద కోపంతో అంట్లు తోమాను. రెండు గ్లాసులు పగిలాయి, నీ ఖాతాలో రాసుకో.

ఇంకా తగ్గలేదు. అది ముందే చెప్తున్నాను, తర్వాత రాసేది చదివి కరిగిపోయాననుకుంటావేమో. ఒక్క మాట అంటాడు, మర్చిపోతారు అనుకున్నావా? నేను ఆ ఒక్క మాటను ఇరవై రెండేళ్లు మోశానురా. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి మీ బావ ఊళ్లో లేరు. కారు వాకిట్లో ఉంది, తాళంచెవి మేకుకు వేలాడుతోంది. పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాను. నేర్చుకుని ఉంటే అనే ఆలోచన కూడా రాలేదు, నాకు అర్హత లేదని నమ్మేశాను కాబట్టి. నీ మీద కోపం అందుకే, తిట్టించినందుకు కాదు.

మీ బావ మీద కూడా కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఎంత కష్టమో నీకు తెలీదు. "నువ్వు తుడిచావా?" అని ఒక్క ముక్క అడగొచ్చు కదా నన్ను. అడగలేదు. కారంతా చేత్తో చూసే మనిషి, నన్ను కస్టమర్ల ముందు చెవులతో విని తేల్చేశారు. చివరికి నా మీద నాకే కోపం వచ్చింది. నేనైనా "గుర్తు లేదు" అని గట్టిగా అనలేదు. తుడిచే ఉంటాననుకున్నాను. ఎవరైనా అంత గట్టిగా చెబితే మనం చేయనిది కూడా చేసినట్టే అనిపిస్తుందిరా, ఆ వయసులో మరీను.

ఉత్తరం పిల్లకు చూపించాను. చూపించమన్నావు కదా. రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఎక్కు" అంది. "ఈ వయసులోనా?" అంటే, "నాలుగు పాఠాలయ్యాయిగా, ఇది ఐదోది" అంది. ఇంటి నుంచి వీధి చివర దాకా వెళ్లాను. ఏడుసార్లు ఆగిపోయింది. వెల్డింగు షాపు వాళ్లంతా బయటికొచ్చి చూశారు, ఒకడు ఈల కూడా వేశాడు. రెండో గేరు కూడా పడింది. వాళ్ల నాన్న నా చెయ్యి మీద చెయ్యి వేసి గేరు మార్పించినట్టే అనిపించింది. ఆయన మీద కోపం ఉండగానే ఆయన కోసం ఏడ్చాను. పిల్ల ఆ ఏడుపు చూసి ఆ రోజుకు చాల్లే అంది.

నిన్న మైనం పట్టించాం, ఇద్దరం చెరోవైపు. బానెట్ మీద నేను చేసిన గీతలు మైనంతో కాస్త తగ్గాయి కానీ పోలేదు. నువ్వు చెప్పినట్టే ఉన్నచోట ఉంచాను. పిల్ల ఎంతసేపో వాటిని పక్కకు వంగి చూసింది. ఆకుపచ్చే ఉంచుతానంది. నేను బతిమాలి ఒప్పించింది కాదు, సంచిలో చెయ్యి పెట్టి తనే తేల్చుకుంది.

రేపు పొద్దున బయల్దేరుతుంది. నీ ఊరి మీదుగానే వెళ్తుంది. యార్డు ముందు ఆపి ఈ ఉత్తరం నీ చేతికిమ్మన్నాను. బయటికి వచ్చి బానెట్ చూడు. నాకు చేయాల్సిన దండం దానికి పెట్టుకో. తర్వాత సెలవు దొరికినప్పుడు రా. తిడతాను, అన్నం కూడా పెడతాను. ఏది ముందో అప్పుడు చూద్దాం.

ఇందాక సామాను సర్దుతూ పిల్ల ఒకటి అడిగింది. "అమ్మా, ఆఫీసులో ఎవరైనా ఈ గీతలేంటి అంటే ఏం చెప్పను?" అంది.

"మా అమ్మ చేసిందని చెప్పు. ఈసారి అది నిజం" అన్నాను.

మీ అక్క